దూలం కొస

మిద్దె విప్పే రోజు పొద్దున్నే అమరాపురం చేరుకున్నాను. అది మా పెద్దమ్మ ఇల్లు. ఆమె పోయాక రెండేళ్ళు తాళం వేసే ఉంది. పిల్లలు ఒకరు హిందూపురంలో, ఒకరు బెంగళూరులో. కొన్న మనిషి జాగా చూసి కొన్నాడు గానీ ఇల్లు చూసి కాదు. పడగొట్టి స్లాబు ఇల్లు కట్టుకుంటాడట. బేరం ముగిసే ముందు మా పెద్దన్న ఒక్క మాట తేల్చుకున్నాడు: "జాగా మీది. కొయ్య మాది."

ఈ సీమలో పాత మిద్దె అమ్మే ప్రతివాళ్ళూ అనే మాటే అది. మన్ను గోడలు మన్నులో కలిసిపోతాయి, వాటికి ఎవరూ వెల కట్టరు. దూలాలు, దంతెలు, కంబాలు, వాకిలి, కిటికీలు మాత్రం వేరే లెక్క. కొయ్య చట్రం మీద నిలబడే ఇల్లు ఎన్నాళ్ళుంటుంది, మళ్ళీ అమ్మితే ఏమొస్తుంది అని ఇవాళ అమెరికాలో, జపాన్‌లో, న్యూజిలాండ్‌లో జనం అడుగుతున్నారు. నాకు ఆ రెండు ప్రశ్నలకూ జవాబు దొరికిన చోటు ఆ రోజు కిందికి దించిన ఒక దూలం.

పైన ఉన్న మన్నంతా పారలతో తోసేశాక వడ్రంగి ఆచారి నిచ్చెనెక్కాడు. గొడ్డలి తిరగేసి, దాని వెనకభాగంతో దూలాన్ని తట్టుకుంటూ పోయాడు. నడుమ కొడితే ఖంగుమంది. గోడ దగ్గరికి వచ్చేసరికి ఆ మోత చచ్చిపోయింది. "నడుమంతా ఉక్కు మాదిరి ఉండాది సామీ. కొసలే పోయినాయి," అన్నాడు, దూలం ఇంకా దిగకముందే. దించి చూస్తే అంతే. పన్నెండడుగుల దూలానికి రెండు వైపులా, గోడలో దాగిన జానెడు మేర కొయ్య నల్లబడి, ఎండిన పిడక మాదిరి చిట్లిపోయి ఉంది. వేలు పెడితే పొడి రాలింది. ఆ జానెడు దాటితే రంపం పళ్ళు అరిగేంత గట్టి. ఒకే చెట్టు, ఒకే వయసు, ఒకే కప్పు కింద బతుకు. గాలి తగిలిన పదిన్నర అడుగులూ నిలిచాయి, గోడలో మూసేసిన జానెడు పోయింది.

ఎందుకిలా? కొయ్యను దగ్గరగా చూస్తే అది సన్నని గొట్టాల కట్ట. చెట్టు బతికున్నప్పుడు వేరు నుంచి ఆకుకు నీరు ఎక్కించిన దారులవి. చెట్టును నరికినా ఆ దారులు మూసుకుపోవు. దూలం పక్కల నుంచి నీరు లోపలికి దిగాలంటే గొట్టాల గోడలు దాటుకుంటూ పోవాలి, అందుకు చాలాసేపు పడుతుంది. కొస నుంచైతే గొట్టాల నోళ్ళే తెరిచి ఉంటాయి. అగరబత్తుల కట్టను నీళ్ళలో నిలబెడితే ఎలా పీలుస్తుందో అలా పీలుస్తుంది. మిద్దె దూలం నోరు సరిగ్గా మన్ను గోడలో ఉంటుంది. పైకప్పు నుంచి కారిన చుక్క గోడలోకి దిగుతుంది, నేల చెమ్మ గోడ వెంట పైకెక్కుతుంది. లోపల గాలి ఆడదు కాబట్టి తడి ఆరదు. అది చాలు బూజుకు.

కొయ్యను తినే బూజులు, అంటే శిలీంధ్రాలు, ఎండు కొయ్యను ముట్టవు. ఎండు కొయ్య బరువుతో పోలిస్తే నీటి పాలు నూటికి ఇరవై కంటే తక్కువుంటే అవి లేవలేవు. ముప్పై దరిదాపుల్లోకి వస్తే గొట్టాల గోడలు తడితో నిండిపోతాయి, అప్పుడు వాటికి పండగ. అనంతపురం సీమలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఎండ నెలల్లో గాలిలో తేమ సగమో, అంతకంటే తక్కువో. అలాంటి గాలిలో నీడపట్టున ఉన్న కొయ్యలో తొమ్మిది, పది శాతం నీరే నిలుస్తుంది. బూజుకు కావలసిన దానిలో సగానికి మించదు. కొయ్య ఇల్లంటే కేరళ, కొడగు వైపు చూస్తాం మనం. కొయ్య బతకడానికి నిజానికి అక్కడికంటే అమరాపురం గాలే మేలు.

అయితే ఇక్కడ వేరే శత్రువుంది. ఊరు దాటి మడకశిర దోవలో నడవండి, ప్రతి కంపచెట్టు కిందా పుట్టే. చెదపురుగు బూజులా గాలి తేమ కోసం కాచుకోదు. నేల లోపలి తడిని నోటితో మోసుకొచ్చి, మన్నుతో గొట్టం కట్టుకొని, ఆ నీడలోనే పైకి పాకుతుంది. ఎంత ఎండలోనైనా దాని దారి తడిగానే ఉంటుంది. కాబట్టి ఎండు సీమ కదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు. మన పెద్దలు కంబాన్ని నేలలో పాతకుండా రాతి దిమ్మె మీద నిలబెట్టింది అందుకే. రాయి చెదను చంపదు. దాన్ని దాటాలంటే పురుగు దిమ్మె మీదుగా బయటి నుంచి మన్ను గొట్టం కట్టాలి, ఆ గొట్టం మన కంట పడుతుంది. పొద్దున ఇల్లు ఊడ్చే మనిషి చీపురుతో దాన్ని రాల్చేస్తుంది. ఆ దిమ్మెకున్న విలువంతా, దాగి వచ్చే శత్రువును బయట పెట్టడంలో ఉంది.

ఇక కొయ్య తనకు తానుగా పోరాడే సంగతి. మన భాషలో దానికి చక్కని మాటుంది: చేవ. మనిషికీ కొయ్యకూ ఒకే మాట వాడతాం. చెట్టు పెరిగేకొద్దీ నడిమి భాగం నీరు మోయడం మానేస్తుంది. చచ్చే ముందు అక్కడి కణాలు తమ దగ్గరున్న చక్కెరలను రంగు పదార్థాలుగా, జిగురుగా, విషాలుగా మార్చి గొట్టాల్లో నింపి పోతాయి. టేకు చేవలో టెక్టోక్వినోన్ అనే పదార్థం ఉంటుంది, దాన్ని చెద తినదు. వేగి, ఎర్రచందనం, మద్ది, చింత చేవలన్నిటికీ ఇలాంటి మందులే రక్ష. బెరడు కింద ఉండే తెల్ల కొయ్యలో ఇవేవీ ఉండవు. పైగా పిండి పదార్థం ఉంటుంది, పురుగుకు అదే తిండి. టేకు అని పేరు చెప్పి తెల్ల కొయ్య అంటగట్టే దుకాణాలున్నాయి. ఒకసారి నేనూ మోసపోయాను. మూడేళ్ళకే ఆ కిటికీ చట్రం నుంచి పిండి రాలింది. చెట్టు పేరు ఒకటి అడిగితే సరిపోదు, ఎంత చేవ ఉందో కూడా చూసుకోవాలి.

మిద్దె పైకప్పు గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే దూలం ప్రాణం అక్కడుంది. గోడల మీద, కంబాల మీద దూలాలు, వాటికి అడ్డంగా దంతెలు, వాటి మీద చిన్న కర్రలో బండలో, ఆపైన ఆకు అలము, తడిమన్ను, అన్నిటికీ పైన చవుడు మన్ను. ఈ చవుడు ఎంపిక చేసిన మనిషెవరో గానీ రసాయనం ఎరిగినవాడు. చవుటి నేలలో సోడియం ఎక్కువ. మామూలు బంకమన్నులో రేణువులు గుత్తులు గుత్తులుగా అంటుకొని మధ్య సందులు వదులుతాయి, నీరు ఆ సందుల్లోంచి దిగుతుంది. సోడియం ఎక్కువైతే మన్ను తడవగానే గుత్తులు విడిపోతాయి. రేణువులు పలచగా పరుచుకొని సందులన్నీ పూడ్చేస్తాయి. చవుటి పొలంలో నీరు ఇంకకుండా రైతును ఏడిపించేది ఈ గుణమే. అదే గుణాన్ని మిద్దె మీదికి ఎక్కిస్తే వాన కిందికి దిగదు. దోనె గుండా వీధిలో పడిపోతుంది.

చవుడు ఏటేటా కొంత కొట్టుకుపోతుంది. అందుకే తొలకరికి ముందు మళ్ళీ పోయించేవాళ్ళు. ఒక ఏడు మరిచారా, ఆ ఏడు కారిన నీరు దూలం కొస తాగుతుంది. మా పెద్దమ్మ ఇంటికి చివరిసారి చవుడు పోయించింది ఎప్పుడని అడిగితే పెద్దన్న జవాబు చెప్పలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కొట్టుకుపోయిన దానికంటే ఎక్కువ పోస్తే బరువు పెరుగుతుంది. అడుగు మందం మన్ను చదరపు మీటరుకు సుమారు 500 కిలోలు తూగుతుంది. ఐదంగుళాల కాంక్రీటు స్లాబు సుమారు 310 కిలోలే. మన్ను మిద్దె తేలికనుకుంటాం గానీ, స్లాబు కంటే ఎక్కువ బరువు దాని దూలాల మీద ఉంటుంది. ఆ బరువు కింద ఏళ్ళ తరబడి ఉన్న కొయ్య మెల్లగా ఒంగుతుంది. మొదటి రోజు ఒంగిన దానికి కాలక్రమంలో ఇంకో అంత ఒంగడం మామూలే. ఒంగినా వెంటనే విరగదు, ముందు కిర్రుమంటుంది, పగులు చూపిస్తుంది. "దూలం మాట్లాడుతోంది" అని గుంజ ఊతం పెట్టిన ఇళ్ళు నా చిన్నప్పుడు ఎన్నో చూశాను.

ఆ మన్ను బరువు ఏం చేయగలదో ఒక భూకంపం చూపించింది. 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున మహారాష్ట్రలో లాతూరు, కిల్లారి ప్రాంతం కంపించింది. అక్కడి ఇళ్ళు మన మిద్దెలకు దాయాదులు: మందపాటి రాతి, మన్ను గోడలు, మన్ను పైకప్పు. నిద్రలో ఉన్న వేలమందిని ఆ గోడలూ ఆ మన్నూ పొట్టన పెట్టుకున్నాయి. అయితే గోడలు బయటికి ఒరిగిపోయినా, కొయ్య కంబాలూ దూలాలూ కలిపి చట్రంగా బిగించిన చోట పైకప్పు నిలిచి, లోపలివాళ్ళు బతికి బయటపడిన ఇళ్ళూ ఉన్నాయి. ఒక కొయ్యకు నాలుక చెక్కి, రెండో కొయ్య బెజ్జంలో దించి, మేకు లేకుండా బిగించిన అతుకు భూమి ఊగినప్పుడు కొద్దిగా కదులుతుంది, కదులుతూనే పట్టు వదలకుండా ఉంటుంది. మనుషుల్ని చంపింది మన్ను బరువు, కాపాడినచోట కాపాడింది కొయ్య చట్రం. ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి.

మన చుట్టూ చూస్తే రాయి మిగిలింది, కొయ్య పోయింది అనిపిస్తుంది. అమరాపురం మండలంలోనే ఉన్న హేమావతి ఒకప్పటి హెంజేరు, నొళంబుల రాజధాని. అక్కడి నల్లరాతి స్తంభాల నునుపు, జాలీ కిటికీల పనితనం చూస్తే శిల్పి చేతికి కొయ్య పని బాగా తెలుసని నాకు అనిపిస్తుంది. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు తరలివచ్చారు. హంపిలో వాళ్ళు వదిలి వచ్చిన రాజభవనాలకు ఇవాళ రాతి అరుగులే మిగిలాయి. ఆ అరుగుల మీద నిలిచిన కొయ్య మేడలు మంటల్లో, వానల్లో పోయాయి. పెనుకొండలో గగన మహల్ రాతితో, గారతో కట్టింది కాబట్టి ఇంకా చూడగలుగుతున్నాం. కానీ కొయ్య అన్నిచోట్లా ఓడిపోలేదు. జపాన్‌లో హోర్యూజీ బౌద్ధాలయపు ఐదంతస్తుల గోపురం పదమూడు శతాబ్దాలుగా నిలిచి ఉంది. దాని నడిమి కంబం వలయాలు లెక్కపెట్టి, ఆ చెట్టును 594లో నరికారని తేల్చారు. నార్వేలో బోర్గుండ్ కొయ్య చర్చి 12వ శతాబ్దం చివరిది. ఈ రెండింటిలోనూ కొయ్య రాతి పీఠం మీద ఉంది, పైన చూరు బాగా ముందుకు వచ్చింది, పాడైన ముక్కను విప్పి కొత్త ముక్క వేసే వీలుంది. పీఠం, చూరు, విప్పే వీలు. మా పెద్దమ్మ మిద్దెకు మొదటిదీ చివరిదీ ఉన్నాయి, చూరు లేదు. దాని బదులు చవుడు పని చేసింది, పోసినంత కాలం.

మా తమ్ముడికి ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం. వాడి కూతురు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కుంటున్నప్పుడు మేమిద్దరం అక్కడే ఉన్నాం. ఫ్రిస్కో వీధుల్లో తెలుగు వినపడని సాయంత్రం ఉండదు. ఇల్లు చూడడానికి వెళ్ళినప్పుడు తమ్ముడు మొదట చేసిన పని గోడ తట్టడం. "ఇదేందమ్మా, డొల్లగా ఉండాది. ఇన్ని లక్షల డాలర్లు పోసి అట్టపెట్టె కొంటావా?" అన్నాడు. "లోపల కొయ్య చట్రం ఉంది నాయనా, ఇక్కడ అన్నీ ఇట్లే కడతారు," అంది ఆ పిల్ల. ఇండియా నుంచి వచ్చిన ప్రతి తల్లీ తండ్రీ ఆ గోడ తడతారట. అడిగే మాట కూడా అదేనట.

పిల్ల చెప్పింది నిజమే. అమెరికాలో కొత్తగా కట్టే విడి ఇళ్ళలో పదింట తొమ్మిదికి పైగా కొయ్య చట్రం మీదే లేస్తాయి. 1830లలో చికాగో వైపు మొదలైన పద్ధతి ఇది. మన మిద్దెలో నాలుగు లావుపాటి దూలాలు మోసే బరువును అక్కడ వందల సన్నని కర్రలు పంచుకుంటాయి. ఒకటిన్నర అంగుళం మందం, మూడున్నర అంగుళాల వెడల్పు ఉన్న కర్రలను పదహారు అంగుళాలకొకటి నిలబెట్టి, బయట చెక్క పలకలు, లోపల జిప్సం పలకలు బిగిస్తారు. తమ్ముడు తట్టింది ఆ జిప్సం పలకను. దాన్నీ తక్కువగా చూడకూడదు. జిప్సంలో అయిదో వంతు నీరే, స్ఫటికంలో బంధించిన నీరు. మంట తగిలితే ఆ నీరు ఆవిరై పోయేదాకా వెనకాల కొయ్య వేడెక్కదు, ఇంట్లోవాళ్ళు బయటికి రావడానికి ఆ వ్యవధి దొరుకుతుంది. లావు దూలమైతే తనను తానే కాచుకుంటుంది. పైపొర బొగ్గయి లోపలికి వేడి పోనివ్వదు. మంటలో గంటసేపు ఉన్నా ఒక్కో వైపు నాలుగు సెంటీమీటర్లే తింటుంది. ఇవాళ నార్వేలో పద్దెనిమిది అంతస్తుల మ్యోస్టార్నెట్, అమెరికాలో మిల్వాకీ నగరంలో ఇరవై అయిదు అంతస్తుల అసెంట్ భవనాలు లేవగలిగాయంటే, పలకలను జిగురుతో అతికి చేసిన లావుపాటి కొయ్యకున్న ఈ గుణమూ ఒక కారణం.

కానీ ఫ్రిస్కో ఇంటి సన్న కర్రల్లో చేవ తక్కువ. తోటల్లో వేగంగా పెంచి, చిన్న వయసులోనే కోసిన పైన్ అది, చాలావరకు తెల్ల కొయ్య. పాత అడవి టేకులా తనకు తాను పోరాడలేదు. లేని చేవను బయటి నుంచి ఎక్కించాలి. ఆ పని చేసి చూపించినవాడు తెలుగువాడని నాతోపాటు చదువుకున్న ఇంజనీర్లలో కూడా చాలామందికి తెలియదు.

ఆయన సొంఠి కామేశం. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధనా సంస్థలో పనిచేస్తూ 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాల మిశ్రమం ఒకటి రూపొందించాడు. రాగి బూజును ఆపుతుంది. ఆర్సెనిక్, మన వాడుకలో పాషాణం, పురుగును చంపుతుంది, రాగిని తట్టుకునే మొండి బూజులనూ చంపుతుంది. అంతకుముందు కూడా ఇలాంటి లవణాలు పూసేవాళ్ళు గానీ, నాలుగు వానలకు కొట్టుకుపోయేవి. కామేశం పట్టుకున్న కిటుకు క్రోమియం. కొయ్య లోపల అది రూపం మార్చుకుంటూ మిగతా రెండింటినీ కొయ్యకే కట్టిపడేస్తుంది, ఆపైన నీటిలో కరగవు. ఆర్సెనిక్, రాగి మూలకాల గుర్తులు కలిపి దానికి ఆస్కు అని పేరు పెట్టారు. 1938లో అమెరికా పేటెంటు వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ప్రపంచమంతా కరెంటు స్తంభాలు, కంచెలు, ఇళ్ళ ముందు అరుగులు ఆకుపచ్చ ఛాయ ఉన్న ఆ కొయ్యతో నిలిచాయి. నాసిరకం కొయ్యకు దశాబ్దాల ఆయుష్షు పోశాడాయన. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఉండాలని నా గట్టి కోరిక.

పాషాణం పాషాణమే కాబట్టి చెప్పవలసిన రెండో సగం కూడా ఉంది. పిల్లలు ఆడుకునే కొయ్య నుంచి ఆర్సెనిక్ కొద్దికొద్దిగా మట్టిలోకి దిగుతుందని తేలాక, 2003 చివరితో అమెరికాలో ఇళ్ళ పనులకు దాని వాడకం ఆగింది. ఇప్పుడు ఇళ్ళలో రాగి మిశ్రమాలు, బోరాన్ లవణాలు వాడుతున్నారు. పాత మందు కొయ్య మీ చేతికొస్తే పొయ్యిలో మాత్రం పెట్టకండి, పొగలోనూ బూడిదలోనూ ఆర్సెనిక్ ఉంటుంది.

ఫ్రిస్కో ఇంటికి తనిఖీ మనిషి వచ్చాడు. కొనేవాళ్ళే డబ్బిచ్చి పెట్టుకుంటారు ఆయన్ని. చేతిలో చిన్న పరికరం, దానికి రెండు సూదులు. కొయ్యలో గుచ్చితే రెండింటి మధ్య కరెంటు ఎంత సులువుగా పారుతోందో చూసి నీటి శాతం చెబుతుంది. తడి కొయ్యలో సులువుగా పారుతుంది, ఎండు కొయ్యలో పారదు. అటక మీద పదకొండు. వంటింట్లో పన్నెండు. స్నానాలగది గోడ అడుగున పంతొమ్మిది. ఆయన అక్కడ ఆగి, మోకాళ్ళ మీద కూర్చొని మళ్ళీ గుచ్చాడు. మా ఆచారి గొడ్డలి వెనకభాగంతో విన్నదే ఈయన సూదులతో వింటున్నాడు. గొట్టం అతుకు దగ్గర కారుతోందని తేలింది. అమ్మేవాళ్ళు గోడ విప్పించి, కర్రలు రెండు మార్పించి, ఆ పని కాగితం ఇచ్చాకే బేరం ముందుకు సాగింది. చెదల తనిఖీ కాగితం వేరే. పైకప్పు ఎప్పుడు మార్చారో దాని కాగితం వేరే.

తమ్ముడికి అప్పుడు అర్థమైంది. నాకూ. మిద్దె ఇంట్లో మంచం మీద పడుకొని తలెత్తితే దూలాలు కనపడతాయి. ఎన్ని దంతెలు, ఏది ఒంగింది, ఎక్కడ మరక, ఎక్కడ చెద గొట్టం, అన్నీ కంటి ముందే. కొనేవాడు కళ్ళతో చూసి వెల కడతాడు. కొత్త తరహా కొయ్య ఇంట్లో చట్రం పలకల వెనక దాగి ఉంటుంది. కన్ను చేసే పని సూదులూ కాగితాలూ చేయాలి. అవి ఉన్నచోట వందేళ్ళ నాటి కొయ్య ఇల్లు కూడా మంచి ధరకు అమ్ముడుపోతుంది. అవి లేకపోతే, ఆ నమ్మకం చెడితే ఏమవుతుందో న్యూజిలాండ్ చూసింది.

అక్కడ 1990లలో మందు పట్టించని పైన్ కొయ్యతో చట్రాలు కట్టడానికి అనుమతి వచ్చింది. అదే కాలంలో మధ్యధరా తీరపు ఇళ్ళ సొగసు మీద మోజు పుట్టింది. చూరు లేని గోడలు, అతుకు కనపడకుండా పైన నున్నని పూత. వానలు ఎక్కువ ఉండే దేశంలో గోడకు చూరు లేదు. పూతలో వెంట్రుకవాసి పగులు వచ్చినా నీరు లోపలికి దిగుతుంది, దిగిన నీరు బయటికి రావడానికి దారి లేదు. లోపల తెల్ల కొయ్య, మందు లేదు. పలకల వెనక కాబట్టి ఎవరికీ కనపడలేదు. పుట్టగొడుగులు గోడ దాటి బయటికి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. 2009లో ప్రభుత్వం వేయించిన అంచనాలో దెబ్బతిన్న ఇళ్ళు 42,000, నష్టం 1,130 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు. అంతకంటే నన్ను ఆలోచింపజేసింది ఇంకోటి. ఆ తరహా పూత ఉన్నందుకు, ఒక్క చుక్క కారని ఇళ్ళ ధర కూడా పడిపోయింది. కొనేవాళ్ళకు లోపల కనపడదు కదా, దూరం నుంచే వెనక్కి తిరిగారు. ఇంతకీ ఆ తెగులుకు మందు చూరు, కాస్త గాలి, కాస్త బోరాన్.

జపాన్ సంగతి మరీ విడ్డూరం. హోర్యూజీ ఉన్న దేశంలో, పన్ను లెక్కలకు కొయ్య నివాసం ఆయుష్షు 22 ఏళ్ళు. సంతలోనూ దాదాపు అదే లెక్క నడిచింది. ఇరవై, పాతికేళ్ళ ఇంటికి వెల సున్నా, కొనేవాడు నేల కోసం కొని పడగొడతాడు. ఇల్లు గట్టిగా లేక కాదు. ఎలాగూ వెల రాదు కాబట్టి యజమాని బాగుచేయించడు, బాగుచేయించడు కాబట్టి వెల రాదు. ఇది చదివినప్పుడు మా అమరాపురమే గుర్తొచ్చింది. మిద్దెకు వెల లేదు కాబట్టి చవుడు పోయించలేదు. పోయించలేదు కాబట్టి దూలం కొస పోయింది.

ఇక మన దగ్గర కొత్త కొయ్య ఇళ్ళ మాట. కేంద్ర ప్రజాపనుల శాఖ 1993లో తన కట్టడాల్లో కొయ్యను నిషేధించింది, అడవులను కాపాడాలన్నది ఉద్దేశం. 2020లో ఆ నిషేధం ఎత్తేసింది. తోటల్లో పెంచిన కొయ్య వాడితే అడవికి ముప్పు లేదని, సిమెంటు, ఉక్కు తగ్గితే వాతావరణానికి మేలని ఆలోచన మారింది. ఎండు కొయ్య బరువులో సగం కర్బనమే. ఘనమీటరు కొయ్య సుమారు తొమ్మిది వందల కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను తనలో దాచుకొని ఉంటుంది, కాలిపోకుండా కుళ్ళకుండా ఉన్నంతకాలం. అంటే మన్నిక అన్నది యజమాని సొంత లాభం ఒక్కటే కాదు, గాలికి సంబంధించిన లెక్క కూడా.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో పని మొదలుపెట్టాక ఆ చుట్టుపక్కల జాగాల ధర ఎలా పెరిగిందో అందరికీ తెలిసిందే. ఊరి బయట కొయ్య ఇల్లు కట్టుకుంటానని, ఎలా ఉంటుందని అడిగిన కుర్రాళ్ళు ఒకరిద్దరున్నారు. నేను చెప్పేది ఇది. మన ఎండకు డాలస్ తరహా పలచని గోడ ఒక్కటే చాలదు, వేడిని ఆపే పొర మందంగా ఉండాలి, లేదా కొయ్య చట్రానికి మన్ను గోడ తోడు కావాలి. రాతి పునాది రెండడుగులు లేపండి. చూరు మూడడుగులు దించండి. దూలం కొసను గోడలో పూడ్చకండి, చుట్టూ వేలు పట్టేంత గాలి వదలండి. చట్రాన్ని వీలైనంత కంటికి కనపడనివ్వండి. కొయ్య ఎక్కడ కొన్నారు, ఏ మందు పట్టించారు, చెదల మందు ఏ ఏడు కొట్టించారు, అన్నీ ఒక పుస్తకంలో రాసిపెట్టండి. మన ఊళ్ళలో కొయ్య ఇంటికి వెల కట్టే అలవాటు ఇంకా పుట్టలేదు. అది పుట్టిన రోజు ఆ పుస్తకమే మీ ఇంటి ధర. అప్పటిదాకా, నిజం చెప్పాలంటే, మీకు వచ్చేది జాగా ధరా, కొయ్య ధరా. కాంక్రీటు పడగొడితే రాళ్ళకుప్ప ఎత్తించడానికి ఎదురు డబ్బివ్వాలి, ఇనుప చువ్వలకు మాత్రం కాసిని వస్తాయి. బిగించిన అతుకులున్న కొయ్యను విప్పి ఇంకో ఇల్లు కట్టుకోవచ్చు. ఆ ఆస్తిని తక్కువగా చూడొద్దు.

మా పెద్దమ్మ వాకిలిని పెద్దన్న అమ్మలేదు. గడప కింది భాగం చెద తిన్నది, పక్క నిలువులు నిక్షేపంలా ఉన్నాయి. ఆచారి కొత్త గడప అతికి ఇస్తానన్నాడు. కంబాలు నాలుగు బెంగళూరు మనిషి పట్టుకుపోయాడు, హోటల్లో పెడతారట. దూలాలు కొనడానికి మధ్యాహ్నం ధర్మవరం నుంచి ఒకాయన వచ్చాడు. మగ్గాలు చేయించే మనిషి. పాత కొయ్య ఇంక వంకర పోదు, మగ్గానికి అదే కావాలి అన్నాడు. ఆయన రాకముందే ఆచారి దూలాల కొసలు రెండు వైపులా కోసి పక్కన పడేశాడు. పిడకల్లాంటి ఆ ముక్కలను పిల్లలు కాలితో తన్ని పొడి చేస్తున్నారు. వచ్చినాయన వాటి వైపు ఒకసారి చూశాడు, వంగి దూలాన్ని నడుమ తట్టాడు, కోసిన చోట ముక్కు పెట్టి వాసన చూశాడు. తర్వాత టేపు తీసి, రంపపు గాటు దగ్గర గోరుతో నొక్కిపట్టి, అక్కడి నుంచి కొలవడం మొదలుపెట్టాడు.